ప్యాకెట్ ఫ్రైడ్ రైస్‌తో రాత్రి భోజనం అయిపోయినట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 26 ఏళ్లు. మాది ఖమ్మం. గచ్చిబౌలిలో ఉద్యోగం. కొండాపూర్‌లో ఇద్దరు అమ్మాయిలం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, వంట చేసే ఓపిక ఉండదు. అందుకే సూపర్‌మార్కెట్ నుంచి ఫ్రోజెన్ వెజ్ ఫ్రైడ్ రైస్ ప్యాకెట్లు తెచ్చి ఫ్రీజర్‌లో పడేస్తాను. వారంలో నాలుగు రాత్రులు అదే తిండి. ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే చాలు, రుచి కూడా పర్లేదు. కానీ పదకొండయ్యేసరికి మళ్లీ ఆకలి. బిస్కెట్లో మిక్చరో తిని ఒంటిగంటకు పడుకుంటాను. "ఎప్పుడో వండిన అన్నం తింటున్నావా, దానికన్నా చద్దన్నం నయం" అని అమ్మ రోజూ ఫోన్‌లో క్లాసు పీకుతోంది. మా రూమ్‌మేట్ ఏమో "మనమే అన్నం వండి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది కదా, దానికి అంత డబ్బెందుకు" అంటుంది. ఇంతకీ ఆ ప్యాకెట్ ఒక పూట భోజనం కిందకు వస్తుందా, రాదా?
— పేరు వద్దన్న పాఠకురాలు, కొండాపూర్

జవాబు: రాదు. అలాగని ఫ్రీజర్‌లో ఉన్నవాటిని పారేయకండి. ఆ ప్యాకెట్‌లో ఉన్నది కంచంలో అన్నం వంతు మాత్రమే. కాస్త నూనె, కాస్త ఉప్పు, రంగు కోసం వేసినన్ని కూరముక్కలు తగిలిన అన్నం. పప్పు వంతు, కూర వంతు, పెరుగు వంతు అందులో లేవు. అవి మీరు చేర్చుకుంటే అది మంచి భోజనమే అవుతుంది. చేర్చుకోకపోతే పదకొండింటికి మిక్చర్ డబ్బా మూత తీయక తప్పదు.

ఒక్కసారి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పోషకాల పట్టికలో 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. మామూలుగా ఉడికిన అన్నం 100 గ్రాముల్లో ప్రొటీన్ 3 గ్రాముల లోపే. నాలుగు బఠాణీలు, నాలుగు బీన్స్ ముక్కలు కలిసినా 300 గ్రాముల వెజ్ ప్యాకెట్ మొత్తం తింటే పది గ్రాముల దగ్గర తేలుతుంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు. ఉదయం హడావుడిగా రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో పలచటి పప్పు, రాత్రి ఈ ప్యాకెట్ అయితే ఆ 46 ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్కువసేపు ఆకలి వేయకుండా చూసేవి ముఖ్యంగా ప్రొటీన్, పీచు. ఈ రెండే మీ రాత్రి భోజనంలో తక్కువ.

అయితే తప్పంతా ప్యాకెట్ మీదే వేయలేం. ఎనిమిదిన్నరకో తొమ్మిదికో తిని ఒంటిగంట దాకా మెలకువగా ఉంటే నాలుగు గంటల గ్యాప్ వస్తుంది. ఎంత మంచి భోజనం చేసినా పదకొండున్నరకు కొంచెం ఆకలి వేయడం సహజం. దానికి కంగారు పడక్కర్లేదు. ఆ టైముకు ఒక గ్లాసు పాలో, అరటిపండో, గుప్పెడు వేయించిన పల్లీలో పెట్టుకోండి. బిస్కెట్లు అలవాటయ్యాయంటే ప్యాకెట్ సగంలో ఆగదు, మీకు తెలియనిది కాదు.

ఇంకో సంగతి ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ, నాకు ఇదే అసలు కారణం అనిపిస్తుంది. మనం పుట్టినప్పటి నుంచి ఒకే రుచితో భోజనం ముగించే అలవాటున్నవాళ్లం కాదు. పప్పుతో రెండు ముద్దలు, కూరతో రెండు, చారో పులుసో పోసుకుని కాస్త, చివర పెరుగన్నం. నంజుకోవడానికి ఆవకాయ ముక్క. ఆ పెరుగన్నం పడితే గానీ చాలామందికి చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. ఫ్రైడ్ రైస్‌లో మొదటి చెంచా ఎలా ఉందో చివరి చెంచా అలాగే ఉంటుంది. కడుపు నిండినా నోరు ఇంకా దేనికోసమో చూస్తుంది. ఎనిమిదిన్నరకు ఇంటికి చేరిన మనిషికి ఏదైనా రుచిగానే ఉంటుంది లెండి, ఆకలి రుచెరుగదని ఊరికే అనలేదు. తిన్న అరగంటకు మిగిలే తృప్తి మాత్రం వేరు. అందుకే నా మొదటి సలహా చాలా చిన్నది: ఫ్రైడ్ రైస్ తిన్నాక ఒక కప్పు పెరుగు తినండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలుపుకుంటారో, ఒట్టిదే తింటారో మీ ఇష్టం. రెండు ముద్దల తెల్లన్నం ఉంటే అందులో కలుపుకోండి, ఇంకా మంచిది.

ఇక అమ్మగారి మాట. ఆవిడ భయం అర్థం చేసుకోదగ్గదే కానీ, గురి తప్పింది. ఎప్పుడో వండిన అన్నమైనా మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఉన్నంతకాలం అందులో సూక్ష్మజీవులు పెరగలేవు. నెలలు గడిస్తే రుచి, వాసన, మెత్తదనం తగ్గుతాయి, అందుకే ప్యాకెట్ మీద తేదీ వేస్తారు. కడుపుకు చెడు చేసే అన్నం అది కాదు. మధ్యాహ్నం వండి కుక్కర్‌లో అలాగే వదిలేసి, రాత్రి తాలింపు వేసుకునే అన్నం గురించే నాకు ఎక్కువ భయం. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషపదార్థం తయారుచేస్తాయి. దానిలో వాంతులు తెప్పించే రకం మళ్లీ వేయించినా పోదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్ల ఫ్రైడ్ రైస్ తిని జనం వాంతులతో అవస్థపడితే, ఆరా తీసి కనిపెట్టింది దీన్నే. అక్కడ ఫ్రైడ్ రైస్ కోసమని ముందే అన్నం వండి, బయటే ఉంచేసేవారు.

చద్దన్నం సంగతి వేరు. పాత పద్ధతిలో అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతారు. పుల్లదనం పెరిగే కొద్దీ చాలా రకాల చెడ్డ సూక్ష్మజీవులకు అక్కడ చోటు ఉండదు. అమ్మగారు చెప్పే చద్దన్నం అదే అయితే, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో పొద్దున్నే తినడానికి దాన్ని మించింది లేదు. వండి అలా వదిలేసిన అన్నాన్ని చద్దన్నం అంటే మాత్రం ఒప్పుకోను. ఈసారి ఫోన్‌లో ఆవిడకు ఈ తేడా చెప్పి చూడండి. గొడవ ఆగుతుందని హామీ ఇవ్వలేను. చద్దన్నంలోకి నంజుకోవడానికి ఏం బాగుంటుందనే దాని మీదికి మాట మళ్లితే మీ అదృష్టం.

ప్యాకెట్ విషయంలో నిజంగా చూసుకోవాల్సింది దారిలో ఎక్కడైనా కరిగిందా అన్నది. హైదరాబాద్ మే నెల ఎండల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఫ్రోజెన్ సరుకు బైక్ మీద సంచిలో అరగంట తిరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కొట్లో మిగతావన్నీ కొన్నాక ఆఖరున ఫ్రీజర్ దగ్గరికి వెళ్లండి. ప్యాకెట్‌ని చేత్తో ఊపండి. లోపల మెతుకులు గలగలమంటే మంచిది. మొత్తం ఒకటే రాయిలా ఉండి లోపల మంచు పేరుకుని ఉంటే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు, వదిలేయండి. ఇంటికి తెప్పించుకున్నా ఇదే పరీక్ష. మెత్తబడి వస్తే వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు. మీది పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే దాని పై అర మైనస్ 18 దాకా వెళ్లకపోవచ్చు. అలాంటి చోట ప్యాకెట్లు నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా తెచ్చుకోవడం మేలు. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీసి చూడొద్దు. మూసి ఉంటే చాలాసేపు చల్లగానే ఉంటుంది.

ప్రిజర్వేటివ్‌ల గురించి మీరు అడగలేదు. అమ్మగారు రేపో మాపో అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గడ్డకట్టించడమే నిల్వ పద్ధతి. విడిగా ప్రిజర్వేటివ్ వేయాల్సిన అవసరం చాలావరకు ఉండదు. వేశారేమో చూడాలంటే పదార్థాల జాబితాలో ఐఎన్ఎస్ 202, 211 లాంటి నంబర్లు ఉన్నాయేమో వెతకండి. ఐఎన్ఎస్ 621 కనిపిస్తే అది మన బండి దగ్గర వేసే టేస్టింగ్ సాల్టే. పెద్దవాళ్లు మామూలు మోతాదులో తింటే దాని గురించి అంత బెదరాల్సిన పని లేదు. మామూలు ఉప్పునే గట్టిగా పట్టించుకోండి.

ఉప్పు లెక్క కొంచెం ఓపిగ్గా చదవండి. రోజంతా కలిపి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే సోడియం 2000 మిల్లీగ్రాములు. ప్యాకెట్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది, అదీ 100 గ్రాములకు. మాటవరసకు మీ ప్యాకెట్ మీద 400 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. 300 గ్రాముల ప్యాకెట్ మొత్తం తింటే 1200. దాన్ని 2.5తో గుణిస్తే 3000 మిల్లీగ్రాములు, అంటే 3 గ్రాముల ఉప్పు. రోజు కోటాలో సగానికి పైగా ఆ ఒక్క పూటలోనే అయిపోయింది. దాని మీద టమాటా సాస్, చిల్లీ సాస్, పక్కన అప్పడం, పదకొండింటికి మిక్చర్. రాత్రంతా నీళ్లు తాగుతున్నారంటే ఆశ్చర్యం లేదు. రెండు మూడు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి సోడియం తక్కువున్నది ఎంచుకోండి. వండేటప్పుడు ఉప్పు గానీ సోయా సాస్ గానీ మళ్లీ వేయకండి. చప్పగా అనిపిస్తే నిమ్మకాయ పిండుకోండి, మిరియాల పొడి చల్లుకోండి.

ఇప్పుడు వండే పద్ధతికి వద్దాం. ఓవెన్‌లో పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ కరిగిన నీళ్లు ఆవిరై అదే గిన్నెలో తిరుగుతాయి, మెతుకు మెత్తబడుతుంది. మూకుడులో చేస్తే ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది కానీ ఫలితంలో పొంతనే లేదు. ఇనుప మూకుడు ఉంటే అదే తీయండి. స్టవ్ మంట పెద్దది పెట్టి మూకుడు బాగా కాగనివ్వండి. ఒక చెంచా నూనె. మీరు గుడ్డు తింటారో లేదో రాయలేదు, తింటారనుకుని చెబుతున్నాను. రెండు గుడ్లు కొట్టి పోసి, సగం ఉడకగానే చిదిపి పక్క ప్లేట్లోకి తీసేయండి. అదే మూకుడులో ఒక పెద్ద గుప్పెడు కూరముక్కలు వేయండి. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికమ్, ఏది ఉంటే అది. ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకో, దగ్గర్లో ఉన్న కూరగాయల బండి దగ్గరికో వెళ్లి తెచ్చుకుని, ఒక్కసారే తరిగి డబ్బాలో పెట్టుకుంటే నాలుగు రోజులు వస్తాయి. ఫ్రోజెన్ బఠాణీలైనా పర్లేదు. రెండు నిమిషాలు వేగాక ప్యాకెట్ అన్నం వేయండి. ముందుగా కరిగించవద్దు, గడ్డగా ఉన్నది ఉన్నట్టే వేయాలి. బయట పెట్టి కరిగిస్తే మెతుకుకు నీరు పట్టి ముద్దవుతుంది. వేసిన వెంటనే గరిటె తిప్పేయకుండా మూకుడంతా పరిచి ఒక నిమిషం వదిలేయండి, అడుగున కాస్త పట్టుకోవాలి. తర్వాత ఎగరేయండి. మూత పెట్టొద్దు. అన్నం అంతా పొగలు వచ్చేదాకా వేడెక్కాక గుడ్డు కలిపి, ఉల్లికాడలో కొత్తిమీరో చల్లి దించేయండి.

రోడ్డు పక్క ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర వచ్చే ఆ పొగ వాసన మాత్రం రాదు. అక్కడ స్టవ్ మంట మూకుడు అంచుల మీదికి ఎగబాకుతుంది, మన వంటింటి బర్నర్‌కు అంత శక్తి లేదు. ఆ రుచే కావాలనిపించిన రోజు బండి దగ్గరికే వెళ్లి సింగిల్ ఎగ్ ఫ్రైడ్ రైస్ చెప్పండి, ప్యాకెట్‌ని దానితో పోల్చి నిరాశ పడకండి.

గుడ్డు తినకపోతే పనీర్ 100 గ్రాములు ముక్కలు చేసి వేయించుకోండి. రెండు గుడ్లతో 12 గ్రాములు, పనీర్‌తో 18 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. పొద్దున నానబెట్టి వెళ్తే రాత్రికి ఉడికించుకోగల శనగలు ఇంకా చవక. గుప్పెడు పల్లీలు వేయించి చల్లుకున్నా కొంత నయమే. ఇవేవీ లేని రాత్రి కర్రీ పాయింట్‌లో ఒక గుడ్డు కూరో, శనగల కూరో తెచ్చుకోండి. కొండాపూర్‌లో ఏ సందులో చూసినా ఒకటి ఉంటుంది. కాకపోతే అక్కడి కూరల్లో నూనె, ఉప్పు గట్టిగానే పడతాయి, అందుకని ముక్కలు వేసుకుని గ్రేవీ తగ్గించండి.

పోషకాహార సంస్థ చెప్పే రోజువారీ కంచంలో, 2000 కిలోకేలరీల లెక్కకు, ధాన్యాలు 250 గ్రాములైతే కూరగాయలు 400 గ్రాములు. రెండూ వండకముందు బరువులే. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. ప్యాకెట్ ఫ్రైడ్ రైస్‌లో మరీనూ. కాబట్టి కూరముక్కలు గుప్పెడన్నాను కదా అని పిల్లల గుప్పెడు వేయకండి. అన్నం ఎంత కనిపిస్తుందో ముక్కలు కూడా దాదాపు అంత కనిపించాలి. అప్పుడు ఒక ప్యాకెట్ మీ ఇద్దరికీ సరిపోతుంది, మనిషికి పడే ఉప్పూ సగం అవుతుంది, రూమ్‌మేట్‌కు డబ్బు బాధా తగ్గుతుంది. ప్రొటీన్ మాత్రం ఎవరి వంతు వాళ్లకు పూర్తిగా పడేలా చూసుకోండి.

రూమ్‌మేట్ మాట దగ్గరికి వచ్చాం కాబట్టి చెబుతున్నాను, ఆ అమ్మాయి అన్నది నూటికి తొంభై పాళ్లు నిజం. సోనా మసూరి అన్నం ఇంట్లో ఫ్రీజ్ చేసుకోవడం చాలా తేలిక. బియ్యం కడిగి, రోజూ పోసే నీళ్ల కన్నా కాస్త తగ్గించి, పలుకుగా వండండి. మూత తీసి వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ఆరగానే, గంట దాటకుండా, ఒక్కో పూటకు సరిపడా జిప్ కవర్లలో వేసి చపాతీలా బల్లపరుపుగా అదిమి ఫ్రీజర్‌లో పేర్చేయండి. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. త్వరగా గడ్డకడితే లోపల మంచు పలుకులు చిన్నవిగా ఏర్పడతాయి, మెతుకు చితకదు. ఫ్యాక్టరీలో మెతుకు మెతుకునూ విడివిడిగా నిమిషాల్లో గడ్డకట్టించే యంత్రాలుంటాయి, ప్యాకెట్ ధరలో కొంత దానికే. మన ఫ్రీజర్‌కు అంత చేతకాదు కాబట్టి మూడు నాలుగు వారాల్లో వాడేసుకోండి.

ఒకటే జాగ్రత్త. చాలామంది ఈ అన్నాన్ని ఫ్రీజర్‌లో కాకుండా కింద అరలో పెట్టేస్తారు. ఉడికిన అన్నంలోని పిండిపదార్థం చల్లారాక మెల్లగా గట్టిపడుతూ వస్తుంది. అది అన్నిటికన్నా వేగంగా జరిగేది ఫ్రిజ్‌లో ఉండే నాలుగైదు డిగ్రీల చల్లదనం దగ్గరే. పూర్తిగా గడ్డకట్టిస్తే ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి పుల్లల్లా అవుతుంది, ఫ్రీజర్‌లోది వేడి చేస్తే అప్పుడే దించిన అన్నానికి దగ్గరగా వస్తుంది. ఫ్రైడ్ రైస్‌కైతే ఆ గట్టి మెతుకే బాగుంటుంది కాబట్టి, రేపే వేయించేదుంటే ఫ్రిజ్‌లోనే పెట్టండి. పప్పు, పెరుగు కలుపుకునే అన్నం అయితే ఫ్రీజర్‌లో పెట్టండి. నేను పైన చెప్పిన రెండు ముద్దల పెరుగన్నానికి ఇదే పనికొస్తుంది.

వారానికి ఎన్నిసార్లు అంటారా? ప్యాకెట్ రెండు రాత్రులకు మించనివ్వకండి, అదీ గుడ్డో పనీరో, కూరముక్కలు, పెరుగు ఉంటేనే. మిగతా రెండు రాత్రులు ఇంటి ఫ్రీజర్ అన్నం, ఆదివారం వండి పెట్టుకున్న పప్పు. పప్పు కూడా గడ్డకడుతుంది, టమాటా పప్పు మరీ చక్కగా. దోసకాయ పప్పు మాత్రం పెట్టకండి, ముక్క నీళ్లు వదిలేసి నోట్లో పెట్టుకోలేం. బీపీ గానీ, కిడ్నీ ఇబ్బంది గానీ ఉంటే ఉప్పు విషయం మీ డాక్టర్ చెప్పినట్టే నడుచుకోండి, అప్పుడు నా రెండు రాత్రుల లెక్క పనికిరాదు.

చివరిగా, సగం ప్యాకెట్ చాలనుకున్న రోజు మొత్తం కరిగించి, సగం మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డగా ఉన్నప్పుడే కావలసినంత మూకుడులోకి వంపుకుని, మిగిలిందాన్ని గాలి తీసి బట్టల క్లిప్పు పెట్టి వెంటనే లోపల పెట్టేయండి.